తుండు భుజం మీదే ఉంది

మొన్న సబ్బవరంలో మా అమ్మాయి ఇంట్లో భోజనం చేసి కూర్చున్నాను. మనవరాలు ఫోన్లో ఏదో పాత సినిమా పెట్టి నా ముందు పట్టుకుంది. బొమ్మలో ఒక ఆడమనిషి నోరు తెరిచి మూసింది. ఆమె మూసేక గాని మాట రాలేదు. తరవాత మీసాలాయన పెదాలు కదిపితే ఆమె ఏడుపు వినిపించింది. పిల్ల పకపకా నవ్వింది.

"నెట్ స్లో తాతయ్యా. మాట వెనకబడిపోతోంది" అంది.

అది నవ్వుతూనే ఉంది. నా చెయ్యి దానంతటదే భుజం మీదకి వెళ్ళి వెతుక్కుంది. అక్కడ చొక్కా తప్ప ఏమీ లేదు. మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి పెరట్లోకి వెళ్ళి, కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆవిడకి కూడా చెప్పని సంగతి ఇది. ఇంకా దాచుకుంటే నాతోనే పోతుంది. పోతే పోనీ అనుకోవడానికి మనసు ఒప్పుకోలేదు.

మా నాన్న అనకాపల్లిలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్. ఆ హాలు ఇప్పుడు లేదు. హాలు ఉన్నచోట సెల్‌ఫోన్లు, చెప్పులు అమ్ముతున్నారు. మేం దాని వెనక సందులో అద్దెకుండేవాళ్ళం. గాలి అటునుంచి వీస్తే బెల్లం మార్కెట్ వాసన మా వంటింట్లో కూర్చునేది. మా అమ్మ కాసిన చోడి అంబలి కూడా తియ్యగా ఉన్నట్టే అనిపించేది. నాన్న ఇంటికొస్తే మాత్రం ఇల్లంతా అరటిపండు వాసన. చాలా చిన్నప్పుడు నాన్న రోజూ అరటిపళ్ళు తానొక్కడే తినేసి వస్తున్నాడని నాకు అనుమానం. తెగిన ఫిలిం అతికించే మందు వాసన అదని తరవాత తెలిసింది. ఆ వాసన కింద, బొమ్మ వేసే మెషిన్లో వెలుగు కోసం కాల్చే కార్బన్ కడ్డీల పొగ వాసన ఉండేది. అది ఆయన చొక్కాలు ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు.

అతికించేటప్పుడు కత్తిరించిన ఫిలిం ముక్కలు నావి. బడిలో వాటికి మంచి గిరాకీ. హీరో మొహం ఉన్న ముక్కకి రెండు జామకాయలు, కత్తియుద్ధం ఉంటే మూడు. ఫ్యూజుపోయిన బల్బులో నీళ్ళు పోసి, అద్దంతో ఎండని దానిమీదకి కొట్టి, గోడమీద బొమ్మ వేసేవాణ్ణి. బొమ్మ పడగానే పిల్లలు "మాటేదిరా?" అని అరిచేవారు. నేనే గొంతు మార్చి మాట్లాడేవాణ్ణి. అది చూసి నాన్న ఒకసారి గుమ్మంలో నిలబడి నవ్వేడు.

"మా రోజుల్లో అంతేరా. బొమ్మ మాది, మాట ఇంకోడిది" అన్నాడు.

ఆ కథ ఆయన ఎండుచేపల పులుసు కలుపుకుంటూ చెప్పేవాడు. కుర్రతనంలో ఆయన మూగ సినిమాలు ఆడించేడు. మోటారు లేదు, మెషిన్ చేత్తోనే తిప్పాలి. తెర పక్కన ఒకాయన కర్ర పట్టుకుని నిలబడి కథ చెప్పేవాడు. పక్కనే హార్మోనియం.

"దెబ్బలాట వత్తే గిరగిరా తిప్పేసేవోణ్ణి. ఏడుపు సీనుకి నెమ్మదిగా. ఆడోళ్ళు ఇంకో గుక్క ఏడిసేవోరు. బొమ్మ నా సేతిలో ఉండేదిరా. తరవాత మాటొచ్చింది. మాట వచ్చేక తొందర లేదు, నెమ్మది లేదు. మోటారెట్టేసేరు. మాట ఎంత జోరుగా ఎలితే బొమ్మ అంతే జోరుగా ఎల్లాల. అంతవరకూ సేతికి పని. ఆనాటి నించీ సెవికి పని."

మొదటి మాటల బొమ్మ వచ్చినప్పుడు పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేరట. ఒక ముసలాయన తెర వెనక్కి వెళ్ళి, మాట్లాడేవాళ్ళు దొరక్క, గోడ తట్టి చూశాడట. కథ చెప్పే ఆయనకి ఆ రోజుతో పని పోయింది. కర్ర చంకలో పెట్టుకుని వెళ్ళిపోతుంటే నాన్నా, గేటు కాడివాళ్ళూ నవ్వేరట.

"పాపం, తరవాత ఏం చేసేడు నాన్నా?"

"బెల్లం మార్కెట్‌లో వేలం పాడీవోడు. గొంతు గొంతే కదా. ఏదోటి అమ్ముకున్నాడు. నవ్వకుండా ఉండాల్సింది" అని నాన్న అన్నం వైపు చూశాడు.

నాకు పన్నెండో ఏడు వచ్చినప్పుడు నాన్నకి పెద్ద జ్వరం తగిలింది. నెలరోజులు మంచం మీదే ఉన్నాడు. లేచేక మనిషి బాగానే ఉన్నాడు గాని, పిలిస్తే పలకడం తగ్గింది.

"ఏటి మావా, పిలుత్తుంటే పలకవు? నేనేటి గోడతో మాటాడతన్నానా?" అని అమ్మ తగువుపెట్టుకునేది. నాలుగు రోజులకి ఆమె తగువు మానేసింది. ఆయన వెనక పళ్ళెం కింద పడేసి చూసిందట. తిరగలేదట.

ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం నాన్నకి అంతా తెలిసేది. పెదాలు చూసి పట్టేసేవాడు. మూగ బొమ్మల్లో ఏళ్ళతరబడి పెదాలు చూసిన మనిషి. "సచ్చిపోతన్న హీరోయిన్ నోటమ్మట ఏమనేదో తెలుసా? 'ఉక్కపోత్తంది' అనేది. జనం ఏడిసేవోరు, నేను నవ్వుకునేవోణ్ణి" అని చెప్పేవాడు. అందుకే హాల్లో ఎవరికీ తెలియలేదు. తెలియకుండా ఉండాలి కూడా. చెవులు వినబడని ఆపరేటర్ని ఎవరు ఉంచుకుంటారు? ఆయనకి ఇంకో పని రాదు. మాకు ఇంకో ఆధారం లేదు.

నాన్న ఒక సాయంత్రం నన్ను క్యాబిన్లోకి తీసుకెళ్ళి మెషిన్ తలుపు తెరిచి చూపించాడు. బొమ్మ ఒకచోట వెలుగుతుంది. ఆ బొమ్మ తాలూకు మాటని చదివేది కిందన ఇంకోచోట. రెంటికీ మధ్య ఫిలిం ఒక వంపు తిరిగి వేలాడుతుంది. దాన్ని లూపు అనేవారు.

"ఈ లూపులో నా సేతి రెండు వేళ్ళు పట్టాల. ఎక్కువైతే మాట వెనకబడతాది. తక్కువైతే నోరిప్పకముందే మాటొచ్చెత్తాది. ఎక్కించినప్పుడు నేను సరిగ్గానే ఎక్కిత్తాను. పాత ఫిలిం, అతుకులెక్కువ. అతుకు దాటినప్పుడు లూపు జారిపోద్ది. జారితే బొమ్మలో ఏటీ తెలీదురా. సెవికే తెలుత్తాది." ఒక్క క్షణం ఆగి, "నీ సెవులు నాకియ్యాల" అన్నాడు.

అలా మొదలైంది. బడి అయ్యేక మొదటి ఆటకీ, ఆదివారం మ్యాటినీకీ నేను బెంచీల వరసలో నడవ పక్క చివర కూర్చునేవాణ్ణి. క్యాబిన్ కిటికీలోంచి చూస్తే తెర వెలుగులో నా తలా, భుజాలూ నల్లగా కనబడతాయి. నా దగ్గర తెల్ల తుండుగుడ్డ ఒకటి. భుజం మీద ఉంటే అంతా బాగున్నట్టు. తల మీద వేసుకుంటే మాట తప్పినట్టు. తల మీద వేసిన మరుక్షణం నాన్న మెషిన్ ఆపేవాడు. జనం ఒక ఈల వేసేలోపు లూపు సరిచేసి మళ్ళీ నడిపించేసేవాడు. పాతఫిలిం, తెగింది కాబోలు అనుకునేవారు.

మొదట్లో నాకు ఎంత గర్వమో! తెర మీద రాజులూ రాణులూ నా తుండు కోసం ఆగుతున్నారు. మూడు నెలలకి అదే సంకెల అయిపోయింది. బొమ్మ చూడటానికి లేదు, మాట కాపలా కాయాలి. పకోడీ కొనుక్కోవడానికి లేచి వెళ్ళకూడదు. ఆటల్లోకి పిలిస్తే వెళ్ళకూడదు. స్నేహితులు ఎందుకని అడిగితే ఏం చెప్పను? "వీడికి సినిమా పిచ్చిరా" అనేవారు. ఎండాకాలంలో కూడా తుండు వేసుకు తిరుగుతానని "ఏరా, పెళ్ళికొడకా" అని పిలిచేవారు.

చెరుకు గానుగలు ఆడే రోజుల్లో జరిగింది ఆ సంగతి. మా క్లాసు కుర్రాడొకడిది చీడికాడ పక్క పల్లె. వాళ్ళ గానుగ దగ్గరకి ఆదివారం అందరినీ రమ్మన్నాడు. పొద్దున్న బస్సుకి వెళ్ళి సాయంత్రం బస్సుకి రావడం. పెనంలో పాకం పొంగుతుంటే పైన లేచే నురుగు, చెరుకు ముక్కతో ముంచుకుని నాకే వేడి బెల్లం, అందులో అద్దుకునే కొబ్బరి ముక్క. వాడు వారం రోజులు అదే చెప్పేడు. నేను వారం రోజులు అదే కలగన్నాను. అనకాపల్లిలో పుట్టి పెరిగి, రోజూ బెల్లం వాసన పీలుస్తూ, బెల్లం వండటం ఒక్కసారీ చూడలేదు నేను.

సరిగ్గా ఆ వారమే హాలు ఓనరుగారి కొడుకు, అందరూ చిన్నబాబు అనేవారు, నాన్నని పిలిచేడట. నేను ఉండని రెండో ఆటలో మాట తప్పుతోందని బాల్కనీ వాళ్ళు రెండుసార్లు ఫిర్యాదు చేసేరు. ఆదివారం మ్యాటినీకి విశాఖపట్నం నుంచి సౌండ్ మెకానిక్‌ని పిలిపిస్తున్నానని, తప్పు మెషిన్‌దా, మనిషిదా తేలిపోవాలని చెప్పేడట.

శనివారం బడి గేటు దగ్గర, నలుగురు స్నేహితుల మధ్య నేను బస్సు సంగతి మాట్లాడుతుండగా నాన్న వచ్చాడు.

"రేపు నువ్వు ఎక్కడికీ ఎల్లకు. రేపొక్కనాడు."

"నేను చెప్పేశాను వస్తానని."

"వచ్చే ఆదోరం ఎల్దువు గాని. రేపు కాదు."

"ప్రతి ఆదోరం ఇదే మాట! నీ సెవులు పోతే నేనేటి సెయ్యను?"

నా గొంతు పెద్దదేమీ కాదు. కాని నాన్నకి గొంతుతో పని లేదు. నా పెదాలు చూశాడు. ఆయన నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. చెంప పేలిపోయింది. స్నేహితులకి నేనన్న మాట అర్థం కాలేదు. కోపంలో ఏదో కూశాననుకున్నారు. వాళ్ళకి అర్థమైంది ఒక్కటే, తుండు పెళ్ళికొడుకు తండ్రి చేత నడిరోడ్డు మీద దెబ్బ తిన్నాడని. ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ కిసుక్కు నాకు ఆ రాత్రంతా వినిపించింది. దెబ్బ పడింది నేనన్న మాటకని అప్పుడు నాకు తోచలేదు. గానుగకి వెళ్తానన్నందుకే కొట్టేడని మనసులో రాసేసుకున్నాను.

ఆదివారం పొద్దున్న అమ్మ దిబ్బరొట్టె వేసి నా ముందు పెట్టింది. నేను తినలేదు. నాన్న ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. వెళ్ళబోతూ తెల్ల తుండు మడతపెట్టి నా మోకాళ్ళ మీద ఉంచాడు. అప్పుడు ఒక్క మంచిమాట అని ఉంటే బాగుండునని చాలా ఏళ్ళు అనుకున్నాను. అనాల్సింది నేనని ఇప్పుడు తెలుస్తోంది.

మ్యాటినీకి హాలు సగం నిండింది. వెనక కుర్చీల్లో చిన్నబాబు, పక్కన సంచి పట్టుకున్న మెకానిక్. లావుపాటి మనిషి, కళ్ళజోడు. కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నేను నా బెంచీ చివర కూర్చున్నాను. తుండు భుజం మీద వేసుకున్నాను. తిరిగి చూస్తే కిటికీలో నాన్న కళ్ళు. ఆ కళ్ళు బొమ్మని కాదు, నన్నే చూస్తున్నాయి.

మొదటి రీలు బాగా నడిచింది. రెండోదానిలో అతుకు దాటినప్పుడు మాట తప్పింది. చటుక్కున తుండు తల మీద వేసుకున్నాను. మెషిన్ ఆగింది, నడిచింది. చిన్నబాబు మెకానిక్‌తో ఏదో అన్నాడు. మెకానిక్ తల ఊపేడు. పరవాలేదన్నట్టే ఉంది. నా గుండె కుదుటపడింది.

నిజం చెప్పాలంటే, సరిగ్గా ఆ కుదుటపడటంలోనే బుద్ధి పెడదారి పట్టింది. ఇప్పుడు గానుగ దగ్గర వాళ్ళు నురుగు నాకుతుంటారు. నా చెంప గురించి చెప్పుకుని నవ్వుకుంటుంటారు. ఈయనేమో నన్ను కొట్టి, నా తుండు చూసుకుంటూ నిశ్చింతగా ఉన్నాడు.

మూడో రీలు సగంలో ఉంది. తెర మీద తల్లి చావుబతుకుల్లో ఉంది, కొడుకు మంచం పక్కన కూర్చున్నాడు. అతుకు దాటిన టప్పుమన్న చప్పుడు విన్నాను. తల్లి నోరు కదిలింది. మాట లేదు. కొడుకు నోరు తెరిచాడు. తల్లి మాట వచ్చింది.

నా చెయ్యి తుండు మీదకి వెళ్ళింది. పట్టుకుంది. లాగలేదు.

ఒక్క నిమిషం చూద్దాం అనుకున్నాను. ఒక్క నిమిషం భయపడనీ అనుకున్నాను. ఎవరు భయపడాలి? ఆయనకి వినబడితే కదా భయపడటానికి! వెనక్కి తిరిగి చూశాను. కిటికీలో కళ్ళు నా భుజం వైపు చూస్తున్నాయి. తుండు భుజం మీదే ఉంది. జారకుండా ఇంకొంచెం సర్దుకున్నాను కూడా. ఆ సర్దుకోవడం ఇవాళ్టికీ నా వేళ్ళకి గుర్తుంది.

హాల్లో ఒకడు నవ్వేడు. తరవాత ముందు బెంచీల వాళ్ళందరూ. చచ్చిపోతున్న తల్లి నోట్లోంచి కొడుకు మగగొంతు, "అమ్మా, నన్ను విడిచి వెళ్ళకే" అంది. ఈలలు. "ఒరే ఆపరేటరూ, నిద్రోతన్నావేటి!" అని ఎవడో కేకేశాడు. "ఆయమ్మకి మీసాలొచ్చేత్తాయిరోయ్" అని ఇంకొకడు. బెంచీలు చరుస్తున్నారు. హాలంతా అరుస్తోంది. ఆ అరుపులో కిటికీ వెనక ఒక్క మనిషి, అంతా బాగుందని నమ్మి నిలబడి ఉన్నాడు. నమ్మింది నన్ను.

కుర్చీలు కదిలిన చప్పుడైంది. చిన్నబాబూ మెకానిక్కూ లేచి మెట్ల వైపు వెళ్తున్నారు. అప్పుడు తుండు లాగి తల మీద వేసుకున్నాను. కిటికీ ఖాళీగా ఉంది. నాన్న మెషిన్ వైపు తిరిగిపోయాడు.

పరుగెత్తాను. నేను మెట్లెక్కేసరికి వాళ్ళు క్యాబిన్ లోపల ఉన్నారు. నాన్న వాళ్ళకి వీపు పెట్టి, రంగు అద్దంలోంచి కార్బన్ల మంట చూసుకుంటున్నాడు. చిన్నబాబు "ఏవయ్యా!" అన్నాడు. మళ్ళీ గట్టిగా "ఏవయ్యా, నిన్నే!" అన్నాడు. నాన్న మంట సరిచేసుకుంటున్నాడు. మెకానిక్ దగ్గరకి వెళ్ళి ఆయన చెవి వెనక చప్పట్లు కొట్టేడు. రెండుసార్లు. క్యాబిన్లో ఉన్న చిన్న స్పీకర్లోంచి తల్లి ఏడుస్తూనే ఉంది.

మెకానిక్ చిన్నబాబు వైపు చూసి, "మెషిన్ బాగానే ఉందండీ" అన్నాడు.

నీడ కదలడం చూసి నాన్న తిరిగేడు. ముగ్గుర్నీ చూసి చేతులు జోడించాడు. మెకానిక్ చిన్నబాబు చెవిలో ఏదో చెప్పేడు. చిన్నబాబు జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని అడిగేడు.

"ఇప్పుడు ఎన్నో రీలు నడుస్తోంది?"

నాన్న ఆ రుమాలు వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. నేను వాళ్ళ వెనక గుమ్మంలో ఉన్నాను. మూడు వేళ్ళు చూపిస్తే సరిపోయేది. వేళ్ళు నా దగ్గరే ఉన్నాయి. చూపించలేదు. భయమా, పగ ఇంకా చల్లారలేదా, ఇప్పటికీ నాకు తెలియదు.

"బాగుంది బాబూ. అంతా బాగానే ఉంది" అన్నాడు నాన్న.

చిన్నబాబు రుమాలు దించేడు. ఆయన చెడ్డమనిషి కాదు. మొహం పక్కకి తిప్పుకుని, "రేపట్నించి రావొద్దులే" అన్నాడు. పక్కకి తిప్పుకోవడం వల్ల నాన్నకి ఆ మాట కూడా అందలేదు. మెకానిక్కే ఎదురుగా వచ్చి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

ఇంటికొచ్చేక నాన్న అరుగు మీద కూర్చుని నన్ను పిలిచేడు. ఇంకా వెలుగుంది. అమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"తుండు తల మీద ఏసుకున్నావా?"

"ఏసుకున్నాను" అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది.

"ఎప్పుడు?"

ఆయన నా పెదాల వైపే చూస్తున్నాడు. కోపం లేదు. తెలుసుకోవాలన్న ఆత్రం ఒక్కటే ఉంది.

"లూపు జారినప్పుడే. ఎంటనే."

నాన్న చెయ్యి చాపి, వేళ్ళు దూరంగా పట్టుకుని, చూసుకున్నాడు. దగ్గరకి తెచ్చుకుని చూసుకున్నాడు.

"నాకు భుజం మీద ఉన్నట్టే కనబడ్డాదే" అన్నాడు. అమ్మ వైపు తిరిగి, "కళ్ళు కూడా ఎల్లిపోయేయే" అన్నాడు.

అమ్మ ఏడ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి పొద్దుటి దిబ్బరొట్టె తిన్నాను. ఆకలి వేసింది మరి.

పదిహేను రోజులు గడిచేయి. ఒకరోజు మధ్యాహ్నం టూరింగ్ టాకీస్ నడిపే ఆయన సైకిల్ మీద వచ్చాడు. నాన్నతో పాటు మూగ సినిమాల నాడు రీళ్ళు మోసిన మనిషి. చీడికాడ వైపు గుడారం వేసేడట. సంగతి విని వచ్చాడు.

"నాకాడకి వచ్చీ బావా" అన్నాడు, నాన్న ఎదురుగా కూర్చుని, పెదాలు సాగదీసి మాట్లాడుతూ. "సెవుల సంగతి నాకు తెల్సు. సెవులు నాకున్నాయి, మా తమ్ముడికున్నాయి. వోడు తెరకాడ కూకుంటాడు. నీ కాలికి తాడు కడతాను. మాట తప్పితే లాగుతాడు. ఎద్దుకి కట్టినట్టు గంట కూడా కడదునా?"

నాన్న నవ్వేడు. పదిహేను రోజుల్లో అదే మొదటి నవ్వు. అమ్మ మొహంలోకి వెలుగొచ్చింది. నన్ను టీ గ్లాసులతో పంపింది.

"సెవుల్లేకపోతే ఆడించొచ్చు బావా. కళ్ళు లేకపోతే కాదు" అన్నాడు నాన్న.

"కళ్ళకేటయింది?"

"తలమీద తుండు నాకు భుజం మీద ఉన్నట్టు కనబడ్డాది. గుడారం గుడ్డది. కార్బన్లు నిప్పు. ఫిలిం ముట్టుకుంటే అంటుకుపోతాది. సూపు లేనోడు నిప్పు కాడ నిలబడితే లోన ఉన్న జనం ఏటవుతారు? నేను రాను."

"నువ్వా? సూది కన్నంలోంచి ఊరు సూసే మనిషివి. ఎవరు సెప్పేరు నీకు సూపు లేదని?"

నాన్న నన్ను చూపించేడు. "మావోణ్ణి అడుగు."

ఆయన నా వైపు తిరిగేడు. "ఏరా అల్లుడూ, నిజమేనా? తుండు తల మీదే ఏసేవా?"

చేతిలో గ్లాసులు వేడిగా ఉన్నాయి. నాన్న నా పెదాల కోసం చూస్తున్నాడు. అమ్మ చూస్తోంది. భుజం మీదే ఉంది, నేనే పెట్టలేదు, ఆయన కళ్ళకి ఏమీ కాలేదు. ఇంతే చెప్పాలి. చెప్తే దెబ్బలు తింటాను, అంతేకదా. కాని పదిహేను రోజులుగా అమ్మ నా వైపు జాలిగా చూస్తోంది. పిల్లడు తన వంతు తను చేశాడని వీధిలో అందరికీ చెప్పుకుంది. ఆ మంచిపేరు పోతుందని భయపడ్డాను.

"తల మీదే" అన్నాను.

ఆయన టీ తాగి, నాన్న భుజం తట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నాన్న బెల్లం మార్కెట్‌లో పనికి కుదిరేడు. దిమ్మలు మోయించడం, ఈగలు తోలడం, గోనెలు కప్పడం. అరటిపండు వాసన ఇంట్లోంచి పోయింది. ఆయన ఒంటికి బెల్లం వాసన పట్టింది. నేను నా ఆదివారాలు నాకు దొరికేక గానుగకి వెళ్ళాను. నురుగు తిన్నాను. బాగానే ఉంది.

నాన్న నెమ్మదిగా గుడ్డివాడిలా బతకడం నేర్చుకున్నాడు. రోడ్డు దాటేటప్పుడు నా భుజం పట్టుకునేవాడు. గోడ మీద పోస్టరు కనిపిస్తే ఆగి, "ఏటి రాసేరురా?" అని అడిగేవాడు. పెద్ద పెద్ద అక్షరాలు. నేను ఆయన ఎదురుగా నిలబడి చదివి చెప్పేవాణ్ణి. సాయంత్రం వేళ అమ్మ సూదిలో దారం ఎక్కించమని ఆయనకి ఇవ్వడం మానేసింది. ఇస్తే ఎక్కించేవాడే. ఎవరూ ఇవ్వలేదు, ఆయన అడగలేదు.

చాలా ఏళ్ళకి, నేను మాస్టరుగా చేస్తున్న బడిలో ఎవరో కళ్ళ శిబిరం పెట్టేరు. నాన్నని తీసుకెళ్ళాను. అద్దాలు పెట్టిస్తే నా తప్పు కొంత తీరుతుందనుకున్నానేమో. డాక్టరు కుర్రాడు. గోడకి అక్షరాల అట్ట వేలాడదీసి, నాన్నని దూరంగా కూర్చోబెట్టి, వేలితో చూపించాడు. నాన్న పైనుంచి మొదలుపెట్టి ఒక్కో వరసా చదివేడు. ఆఖరి వరస నాకు కనిపించలేదు. ఆయన అది కూడా చదివేడు. చదివి, తనే ఆశ్చర్యపడినట్టు ఆగేడు.

డాక్టరు నావైపు తిరిగి, "ఈయనకి దూరపు చూపు భేషుగ్గా ఉంది మాస్టారూ. ఇన్నాళ్ళూ ఇంతే అయ్యుంటుంది. కళ్ళు పోయాయని ఎవరు చెప్పారు?" అన్నాడు.

నేను నాన్న పక్కనే ఉన్నాను కాబట్టి డాక్టరు మొహం ఆయనకీ ఎదురుగానే ఉంది. నాన్న ఆ పెదాలు చూశాడు. ప్రతి మాటా అందింది. నేను గోడమీద అట్ట వైపు చూస్తూ నిలబడ్డాను.

బయటకి వచ్చేం. రోడ్డు మీద బెల్లం బళ్ళు వరసగా పోతున్నాయి. నాన్న కాసేపు ఎండలోకి కళ్ళు చిట్లించి చూసి, నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"కుర్ర డాక్టరు. సరిగ్గా సూసుండడు."

అని నా భుజం మీద చెయ్యి వేశాడు, రోడ్డు దాటించమని.

కాదని చెప్పడానికి నాకు ఆ రోడ్డు దాటేంత సేపు ఉంది. తరవాత ఇంటిదాకా దారి ఉంది. ఆ తరవాత ఆయన బతికిన పదకొండేళ్ళూ ఉన్నాయి.